తీపికి తిథి ఉన్న రోజులు

మా యింటి దేవుని అరలో, పాత పంచాంగాల కింద, నల్ల అట్ట వేసిన చిన్న పద్దుపుస్తకం ఒకటి ఉన్నది. అందులో రెండేండ్లకొక్క వరుస తప్ప మరేమీ ఉండదు. ఎడమవైపు సంవత్సరం, కుడివైపు ఒక అంకె. నడుమ వరుసలు కొన్ని వదిలి చెప్పితే ఇట్లా ఉంటుంది: 1984 – 51. 1996 – 60. 2006 – 71. 2014 – 79. 2018 – 86.

ఇవి బెల్లపు కిలోలు. సమ్మక్క సారలమ్మ జాతరకు నేను తూచి సమర్పించిన 'నిలువెత్తు బంగారం' లెక్క. రెండేండ్లకొకసారి మాఘ శుద్ధ పౌర్ణమి వేళకు మేడారంలో జరిగే ఆ జాతరను గురించి మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. 1996లో దానిని రాష్ట్ర పండుగగా ప్రకటించినారు. ఆ కథలో వచ్చే మేడరాజు పొలవాసను ఏలినవాడని జనశ్రుతి. ఆ పొలవాసయే నేటి జగిత్యాల పక్కనున్న పొలాస. కనుక అమ్మవార్లు మా కరీంనగరు వారికి పుట్టింటి ఆడపడుచుల లెక్క. మేడారం పోలేని ఏడు రేకుర్తిలోని గద్దెల దగ్గరనే మొక్కు చెల్లించుకునే వారున్నారు. అక్కడ బెల్లాన్ని బెల్లమనరు, బంగారమంటారు. మొక్కుకున్నవాడు కాంటాకు ఒకవైపు కూర్చుంటే రెండవవైపు అతని బరువుకు సరితూగే దాకా బెల్లపు ముద్దలు పెట్టుతారు. మత్స్యపురాణం చెప్పిన షోడశ మహాదానాలలో మొదటిదైన తులాపురుషదానం రాజులకు బంగారంతో తీరేది. మన జనం దానిని బెల్లంతో తీర్చుకున్నారు.

2018 జనవరిలో మా ఊరి బెల్లం దుకాణంలో కాంటా మీద కూర్చున్నాను. శావుకారి ముద్దలు పెట్టీ పెట్టీ నడుము పట్టుకొని, "సార్, ఇంకో ముద్ద వడ్తది. పోయిన జాతర కంటె మీరు అమ్మకు బాగనే పెంచిన్రు" అన్నాడు. అతడు నా పాత విద్యార్థి. ఇద్దరమూ నవ్వుకున్నాము. అదే సంవత్సరం పదవీ విరమణ చేసినాను. సన్మానాలలో శాలువాలెన్నో మిఠాయి డబ్బాలన్ని. ఆ తర్వాత మూడు నెలలకు రక్తపరీక్ష చూసిన వైద్యుడు మాత్రం నవ్వలేదు. చక్కెర వ్యాధి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నదని, ఇంకా లోపలికి రాలేదని, బరువు తగ్గించి దానిని అక్కడినుండే పంపవచ్చునని చెప్పినాడు. మా బాపు కడపటి పదేండ్లు ఆ వ్యాధితోనే గడిపినాడు. చూపు మందగించి, నేను చదివి వినిపిస్తేనే భాగవతం విన్నాడు. పుస్తకమే బ్రతుకుగా బ్రతికినవానికి అంతకంటె భయమేమున్నది?

మొదట నేనూ అందరివలెనే, ఇదంతా నా జిహ్వ చేసిన నేరమనుకున్నాను. నిగ్రహం లేనివాడనని నన్ను నేను నిందించుకున్నాను. విశ్రాంత జీవితంలో తీరిక దొరికి ఈ తీపి చరిత్రను కొంత చదివిన పిదప వేరొక సంగతి బోధపడినది. దానిని చెప్పడానికే ఈ వ్యాసం.

*

మనది చెరుకును నమిలి ఊరుకున్న జాతి కాదు. చెరుకు రసాన్ని కాచి గట్టిపరచే విద్యను లోకానికి నేర్పినది భారతదేశమే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కోష్ఠాగారంలో నిలువ చేయదగిన తీపి ద్రవ్యాలుగా ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర చెప్పబడినవి. కాచిన పాకం మొదలు పలుకుల చక్కెర దాకా ఒక్కొక్క మెట్టు. మన 'చక్కెర' సంస్కృత శర్కరకు ప్రాకృతం ద్వారా వచ్చిన రూపం. అదే శర్కర పారశీకంలో 'షకర్', అరబ్బీలో 'సుక్కర్', ఇంగ్లీషులో 'షుగర్' అయినది. ఖండశబ్దం తిరిగి తిరిగి 'క్యాండీ' అయి మన పిల్లల చేతిలోకి వచ్చినది. పరదేశం పోయి పేరు మార్చుకొని వచ్చిన బిడ్డను గుర్తుపట్టలేని తల్లి వలె మనమున్నాము.

తీపి మనదైనట్లే తీపి తెచ్చే చిక్కు కూడ మనవారికి కొత్త కాదు. చరకుడు సూత్రస్థానంలో నిందితులైన ఎనిమిది రకాల శరీరాలవారిని పేర్కొని, వారిలో అతిస్థూలుని, అతికృశుని విశేషంగా చర్చించినాడు. స్థౌల్యానికి ఆయన చెప్పిన కారణాలలో అతిగా తినడం, గురువైన మధురాహారం, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర ఉన్నవి. నేను పదవీ విరమణ తర్వాత గడిపిన దినచర్యను ఆయన ఎదుట కూర్చొని రాసుకున్నాడేమో అనిపించినది. సుశ్రుతుడు ప్రమేహాలకు చెప్పిన కారణాలూ దాదాపు ఇవే. ఆ ప్రమేహాలను ఉపేక్షిస్తే చివరకు మధుమేహంగా మారుతవన్నాడు. చికిత్స విషయంలో చరకుని మాట ఒకటి నన్ను ఆకట్టుకున్నది. స్థూలునికి ఇవ్వవలసినది కడుపుకు బరువుగా ఉండి శరీరానికి పుష్టిని తక్కువగా ఇచ్చే ఆహారమట. అంటే కడుపు నిండవలె, ఒళ్ళు నిండరాదు. ఈనాటి పోషకాహార శాస్త్రజ్ఞులు పీచుపదార్థమని చెప్పేదాని వెనుకనున్న ఆలోచన ఇదే. మన జొన్న గట్క, మక్క గట్క తిని పొలానికి పోయిన రైతుకు ఎవరూ ఈ శ్లోకం చెప్పలేదు. అయినా అతడు దానినే పాటించినాడు.

రాజుల వంటశాలలలో మాత్రం తీపికి కొదువ లేదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసంలో అన్నభోగమనే ప్రకరణం ఉన్నది. పాలవిరుగుడును పిండితో మెదిపి, వేయించి, చక్కెర పాకంలో వేసే క్షీరప్రకారమనే భక్ష్యం అందులో కనబడుతుంది. మన గులాబ్ జామునుకు దూరపు ముత్తాత అనవచ్చును. ఆ కాలాన మన ప్రాంతం ఆ చక్రవర్తుల ఛత్రచ్ఛాయలోనే ఉండేది. అయితే ఆ పాకం చుక్క పొలవాస రైతు విస్తరిలో పడి ఉంటుందని నేననుకోను. వంట పుస్తకాలు ఏలినవారి ఆకలినే నమోదు చేస్తవి. ఏలబడినవారి ఆకలిని తెలుసుకోవలెనంటే పండుగలను చదువవలె.

*

మన పండుగలను ఆ కన్నుతో చదివి చూడండి. మన తీపికి తిథి ఉన్నది.

బతుకమ్మనే తీసుకొందాము. తొమ్మిది దినాలకు తొమ్మిది పేర్లు. ఎంగిలిపూల నాడు నువ్వులు, బియ్యప్పిండి. అటుకుల నాడు అటుకులు, బెల్లం. ముద్దపప్పు నాడు పప్పు, పాలు, బెల్లం. నానబియ్యం నాడు నానిన బియ్యంలో పాలు, బెల్లం. అట్ల బతుకమ్మ నాడు అట్లు. ఆరవనాడు అలిగిన బతుకమ్మ. ఆనాడు చాలా ఊళ్ళలో బతుకమ్మను పేర్చరు, నైవేద్యం అసలే ఉండదు. ఏడవనాడు వేపకాయల బతుకమ్మ. బియ్యప్పిండిని వేపకాయల ఆకారంలో చేసి వేయించి పెట్టుతారు. ఎనిమిదవనాడు వెన్నముద్దల బతుకమ్మకు నువ్వులు, వెన్న, బెల్లం. తొమ్మిదవనాడు సద్దులు, వాటితో మలీద.

ఇందులో ఎన్ని సంగతులున్నవో గమనించండి. తీపి ఉన్న రోజు ఏదో, లేని రోజు ఏదో ముందే తేలి ఉన్నది. ఉన్న రోజున కూడ ప్రసాదమంత. పది మంది ఆడవారు చెరువు గట్టు మీద కొంగులలో ఇచ్చి పుచ్చుకొనగా మన వంతుకు వచ్చేది పిడికెడు. ఆరవనాటి అలకను గురించి ఊరికొక కథ చెప్పుతారు. ఏ కథ ఎట్లున్నా, వరుసగా ఐదు దినాలు ప్రసాదం తిన్న నోటికి ఒకనాడు అమ్మవారే అలిగి విరామమిస్తున్నది. ఎవరూ ఎవరినీ "తినకు" అనలేదు. ఆనాడు వండనే వండరు కనుక నిగ్రహించుకోవలసిన బాధ లేదు.

మలీద సంగతి మరొక మాట. రొట్టెను నలిపి, బెల్లం కలిపి ముద్ద కట్టేది మలీద. ఈ పేరు పారశీకం. నలుపడం, పిసకడం అని దాని అర్థం. పీరీల పండుగకు మా ఊళ్ళో హిందువులు, ముసల్మానులు అందరూ పీరీల ముందు పెట్టే మలీద, పానకం కూడ ఇవే. పేరు పర్షియాది, బెల్లం మనది, రొట్టె జొన్నదో సజ్జదో గోధుమదో. రెండు మతాల వేడుకలలోను అది తిథి నాటి తిండియే. ఏ మతమైనా రోజూ తినుమనలేదు.

సంక్రాంతికి సకినాలతోపాటు గరిజెలు, అరిసెలు. ఉగాదికి పోలెలు. వీటి నడుమ 'ఒక్కపొద్దు'లు. సోమవారం రాజన్నకని, శనివారం వెంకన్నకని, ఏకాదశి అని. మా అవ్వ వారానికి రెండు ఒక్కపొద్దులుండేది. రంజాను ఉపవాసాలను కూడ మా ఊళ్ళో ఒక్కపొద్దులనియే అంటారు. ఏడాది పంచాంగాన్ని పరచి చూస్తే తీపి దినాలు వేళ్ళ మీద లెక్కకు వచ్చేవి. ఒక్కపొద్దులకు మాత్రం లెక్క ఉండేది కాదు.

గోదావరి దాటి ఆదిలాబాదు వైపు పోతే ఇదే నీతి మరింత స్పష్టంగా కనబడుతుంది. మా అత్తవారి ఊరు నిర్మల్ అవతల కావడం వలన కేస్లాపూర్ నాగోబా జాతరను పలుమార్లు చూసినాను. పుష్య అమావాస్యకు మెస్రం వంశీయులు గోదావరి జలాన్ని కాలినడకన తెచ్చి నాగోబాకు అభిషేకం చేస్తారు. గోండులలో ఒక కట్టుబాటు ఉన్నది. కొత్త పంటనైనా, కొత్త ఫలాన్నైనా దేవతలకు అర్పించక ముందు నోట పెట్టరాదు. 1940లలో మార్లవాయిలో నివసించి వారిని గురించి గ్రంథాలు రచించిన హైమెండార్ఫ్ ఈ కొత్తల వేడుకలను శ్రద్ధగా వర్ణించినాడు. అడవిలో చెరుకు లేదు, ఇప్పపువ్వు ఉన్నది. ఎండిన ఇప్పపువ్వు ద్రాక్షపండు వలె తియ్యగా ఉంటుంది. చేతికందే ఎత్తున తీపి రాలుతున్నా ముందు దేవత, తర్వాత మనిషి అన్న వరుస అక్కడ ఉన్నది. కోరికకు, నోటికి నడుమ ఒక వేడుకను నిలబెట్టడం అంటే ఇదే. ఇప్పుడు ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసి మహిళలు ఆ పువ్వుతోనే లడ్డూలు చేసి అమ్ముతున్నారు. తింటే బలమేనని పిల్లలకు, బాలింతలకు పెట్టుతున్నారు. బక్కచిక్కినవారికి అది ఔషధం. నా వంటివాడు డబ్బా తెచ్చుకుంటే మరొక డబ్బాయే అవుతుంది.

*

ఇంతవరకు చదివి, పూర్వులు నిగ్రహధనులని, మనము పతితులమని నేను చెప్పబోతున్నాననుకుంటే పొరపాటు. నా బాల్యాన్ని నేను మరచిపోలేదు. మా యింట బెల్లం గురిగిలో పెట్టి ఉట్టి మీద కట్టేవారు. చక్కెర కంట్రోలు దుకాణంలో కార్డు మీద తూచి ఇచ్చేది. సంచీ పట్టుకొని వరుసలో నిలబడేవాడిని నేనే. ఇంటికి చుట్టం వస్తేనే ఆ చక్కెరతో చాయ్. మేము తినకపోవడం నిగ్రహం కాదు, లేమి. పండుగనాడు దొరికిన పోలెను పిల్లలము సగం దాచుకొని మరునాడు తిన్నామంటే అది వైరాగ్యం కాదు, మళ్ళీ ఎప్పుడు దొరుకునో అన్న భయం. ఊళ్ళో వెట్టి చేసిన కుటుంబాలకు ఆ సగం కూడ లేదు. దానిని సంస్కృతి అని పొగడడం అన్యాయం.

అయితే లేమి కాలంలో పుట్టిన ఆ ఏర్పాటులో ఒక వివేకం కూడ ఉండినదని ఇప్పుడు తెలుస్తున్నది. లేమి పోవలసినదే. లేమితోపాటు తిథి కూడ పోయినది. దాని బదులు మనము మరేదీ ఏర్పరచుకోలేదు.

అది ఎట్లు పోయినదో మన కండ్ల ముందరి చరిత్రయే. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగరు మంజీరా నీటిని నిజామాబాదు భూములకు మళ్ళించినది. నీరు వచ్చిన చోటికి చెరుకు వచ్చినది. 1937-38 నాటికి బోధనులో నిజాం చక్కెర కర్మాగారం వెలసినది. ఆ పేటకు శక్కర్‌నగరు అని పేరే పెట్టినారు. ఆసియాలోనే పెద్దదని ఆ రోజులలో చెప్పుకొనేవారు. తర్వాత 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, అనగా శ్రీరాంసాగరు, కాకతీయ కాలువ రూపంలో కరీంనగరు జిల్లా మీదుగా పారినది. మెట్పల్లి దగ్గరి ముత్యంపేటలో కూడ చక్కెర కర్మాగారం వచ్చినది. చెరుకు బండ్లు బారులు తీరి నిలిచిన ఆ దారిన బడికి పోయిన రోజులు నాకు జ్ఞాపకమున్నవి. బండి వెనుకనుండి చెరుకుగడ గుంజుకున్న పిల్లలే మధ్యాహ్నం నా తరగతిలో కునికిపాట్లు పడేవారు.

2002లో ఆ కర్మాగారాలలో ప్రైవేటు భాగస్వామ్యం వచ్చినది. 2015 డిసెంబరులో బోధను, ముత్యంపేట, మెదకు కర్మాగారాలు మూతపడినవి. చెరుకు రైతు, కార్మికుడు వీధిన పడినారు. వింత ఏమనగా, చక్కెర చేసిన ఊరు చేదైపోయినా చక్కెర మాత్రం తగ్గలేదు. ఎక్కడో తయారై సంచులలో వస్తూనే ఉన్నది. మిల్లుల నుండి ప్రభుత్వం తక్కువ ధరకు సేకరించే లెవీ పద్ధతి 2013లో ముగిసినది. కార్డు లేకున్నా, పండుగ కాకున్నా ఎంతైనా కొనవచ్చును. నేను ఉద్యోగంలో చేరిన నాడు మా మండల కేంద్రంలో మిఠాయి దుకాణం ఒక్కటి. నేను విరమించిన నాడు ఏడు. పుట్టినరోజుకు కేకు, పరీక్ష పాసైతే డబ్బా, ఇల్లు కొంటే డబ్బా, బదిలీ అయితే డబ్బా. పూర్వం పండుగ వచ్చి తీపిని తెచ్చేది. ఇప్పుడు తీపి డబ్బా ఏ రోజు వస్తే ఆ రోజు పండుగ.

శరీరం మాత్రం పాతదే. కరువుకు అలవాటు పడి, దొరికినప్పుడు దాచుకొమ్మని ఆజ్ఞ పొందిన శరీరం. నాగలి పట్టినవాని శరీరం కుర్చీలో కూర్చున్నది. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని, 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారని అంచనా కట్టినది. ఆ గుమ్మంలోనివారిలో నేనొకడను. ఇంతమందికి ఒక్కసారిగా జిహ్వాచాపల్యం పుట్టినదనుకోవడం అవివేకం. మారినది మనుషుల మనసు కాదు, మనుషుల చుట్టూ ఉన్న ఏర్పాటు.

*

ఏర్పాటు మారినదని తెలిసినంత మాత్రాన కిలోలు తగ్గవు కదా. అక్కడ నాకు ఒక పరదేశి గురువైనాడు. విలియం బాంటింగ్ అని లండనులో ఒక పెద్దమనిషి. అంత్యక్రియల ఏర్పాట్లు చేయడం వారి వంశవృత్తి. మేడ మెట్లు వెనుకకు తిరిగి దిగవలసినంత స్థూలుడైనాడు. 1862 ఆగస్టులో అతని బరువు 202 పౌండ్లు, అంటే సుమారు 92 కిలోలు. హార్వీ అనే వైద్యుని సలహాతో రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంపల వంటివి మానుకొని ఏడాదిలో 46 పౌండ్లు తగ్గినాడు. తన అనుభవాన్ని 1863లో చిన్న పుస్తకంగా అచ్చువేసి మొదట ఉచితంగా పంచినాడు. స్వీడిషు భాషలో బరువు తగ్గడానికి పథ్యముండడాన్ని ఈనాటికీ అతని పేరు మీదనే 'బంతా' అంటారు. ఒక మనిషి ఇంటిపేరు క్రియాధాతువు కావడం మా వ్యాకరణ పండితులకు ముచ్చట గొలిపే సంగతి. నాకు అతనిలో నచ్చినది పథ్యం కాదు, లెక్క. తాను ఏ తేదీన ఎంత తూగినాడో దాచకుండా రాసినాడు. నా దగ్గరా అట్టి పుస్తకమొకటి ఉన్నదని అప్పుడు జ్ఞాపకం వచ్చినది.

లెక్క మొదలుపెట్టగానే దొంగ దొరికినాడు. నేను లడ్డూలను, జిలేబీలను నిందిస్తున్నాను. కాని రోజుకు ఐదు చాయ్‌లు, చాయ్‌కి రెండు చెంచాల చక్కెర. చెంచాకు 4 గ్రాములనుకున్నా రోజుకు 40 గ్రాములు. మనిషి రోజుకు అదనంగా తీసుకునే చక్కెర 25 గ్రాములకు, అనగా ఆరు చెంచాలకు లోబడి ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. నా చాయ్ ఒక్కటే దానిని దాటినది. సంవత్సరానికి 14 కిలోల పైన. ఒక జాతర నుండి మరొక జాతర దాకా 29 కిలోలు. అమ్మవారికి 86 కిలోలు తూచి ఇచ్చినవాడు అందులో మూడవవంతును చాయ్‌లోనే తాగినాడన్నమాట. పండుగ పోలెను నిందించడం ఎంత అన్యాయం! ముందు చెంచాను సగం చేసినాను, ఆరు నెలలకు పూర్తిగా మానినాను. మొదటి పదిహేను దినాలు చాయ్ కషాయమే. తర్వాత పాలలోనే తీపి ఉన్నదని నాలుక కనుగొన్నది.

చక్కెర బదులు బెల్లం వేసుకొమ్మని హితవు చెప్పే మిత్రులున్నారు. బెల్లంలో కొంత ఇనుము, ఇతర లవణాలు ఉన్న మాట నిజమే. కాని బరువు సంగతికి వస్తే రెండూ ఒక గూటి పక్షులే. గ్రాముకు దాదాపు 4 కెలోరీలు ఇందులోనూ, అందులోనూ. పేరు పవిత్రమైనంత మాత్రాన తూకం తగ్గదు.

భోజనం కడుపునిండా చేసిన తర్వాత కూడ మిఠాయికి చోటెట్లు దొరుకుతుందన్నది నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న. 1981లో బార్బరా రోల్స్ మొదలైనవారు పరిశోధించి తేల్చినదేమనగా, తృప్తి అనేది కడుపుకు మాత్రమే కాదు, రుచికి కూడ సంబంధించినది. ఒక రుచిని తిని విసిగిన నోరు వేరొక రుచి కనబడగానే మళ్ళీ మొదటికి వస్తుంది. అన్నానికి చాలన్న నోరు పాయసానికి చాలనదు. కనుక చూడగానే పుట్టే ఆ కోరిక ఆకలి కాదని తెలుసుకున్నాను. విస్తరి ముందునుండి లేచి, చేయి కడుక్కొని, పది నిమిషాలు వాకిట్లో తిరిగితే అందులో సగం కరిగిపోతుంది. కరగకపోతే రెండు ముద్దలు తింటాను. మూడవ ముద్దలో రుచి మొదటిదానిలో సగమే ఉంటుంది. ఇది ఎవరైనా ఇంట్లో పరీక్షించుకోవచ్చును.

అన్నిటికంటె కష్టమైనది ఇంట్లో డబ్బా లేకుండా చేయడం. అంతకంటె కష్టమైనది పెట్టిన చేతిని కాదనడం. 2018 సద్దుల బతుకమ్మకు మా అక్క మెట్పల్లి నుండి పెద్ద గిన్నెలో మలీద తెచ్చినది. వైద్యుడు చెప్పి నెల కాలేదు. పట్టుదల మీద ఉండి, వద్దన్నాను. అక్క కాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఏంరా తమ్మి, అక్క చేతి మలీద గూడ చేదైందా?" అన్నది. ఆ గిన్నె అట్లనే తిరిగి పట్టుకపోయినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తీపిని కాదన్నాననుకున్నాను, కాని నేను కాదన్నది తీపిని కాదు. ముప్పయి ఏండ్లుగా రోజూ తాగిన చక్కెరను వదలి, ఏడాదికొకనాటి ముద్దను పట్టుకున్నాను. దొంగను విడిచి చుట్టాన్ని పట్టుకున్నట్లున్నది.

మరునాడు బస్సెక్కి మెట్పల్లి పోయినాను. గిన్నె ఇంకా నిండుగానే ఉన్నది. రెండు ముద్దలు అడిగి తిన్నాను. మిగిలినది పక్కింటి పిల్లలకు పంచుదామన్నాను. మా అవ్వ చేసినది అదే కదా అని అక్కకు జ్ఞాపకం చేసినాను. అప్పుడు ఆమెకు మలీద సంగతి, నా వ్యాధి సంగతి రెండూ అర్థమైనవి. ఆనాటినుండి ఆమె తెచ్చేది చిన్న గిన్నె. దానికి తోడు నా కోసం జొన్నరొట్టెలు.

నేను చేసిన ఏర్పాటు ఇంతే. పంచాంగంలో తీపి తిథులను గుర్తు పెట్టుకున్నాను. బతుకమ్మ, దసరా, దీపావళి, సంక్రాంతి, ఉగాది, పీరీలు, ఇంట్లోవారి పుట్టినరోజులు. ఆనాడు సంకోచం లేకుండా, పదిమందితో కూర్చొని, కొంచెం తింటాను. మిగిలిన దినాలన్నీ నాకు అలిగిన బతుకమ్మలు. అలిగిన అమ్మవారిని ఆనాడు ఎవరూ బతిమాలరు, ఎందుకంటే మరునాడు తానే వస్తుందని తెలుసు. తీపి కూడ అంతే. శాశ్వతంగా మానినాననుకున్న రోజులలో నాకు కలలో కూడ జిలేబీయే కనబడేది. ఫలానా తిథికి వస్తుందని తెలిసిన తర్వాత మనసు కుదుటపడినది. దానికి తోడు పొద్దున గంటసేపు నడక, రాత్రికి గట్క.

వైద్యుడు చెప్పిన మందులను, పరీక్షలను మానుకొమ్మని దీనిని ఎవరూ అర్థం చేసుకోరాదు. వ్యాధి ముదిరినవారికి తిథులు కూడ వైద్యుడే నిర్ణయించవలె. నేను చెప్పినది గుమ్మంలో ఉన్నవాని అనుభవం మాత్రమే.

పద్దుపుస్తకంలో చివరి వరుసలు చెప్పి ముగిస్తాను. 2020 – 82. 2022 – 80. కరోనా కాలంలో నడక తప్పినందున అంతే తగ్గినది. 2024 – 76. ఆనాడు శావుకారి దుకాణంలో అతని కొడుకు కూర్చొని ఉన్నాడు. పాత లెక్క చూసి, "సార్, ఈసారి అమ్మకు పది కిలోలు తక్కువైతున్నయి" అన్నాడు బాధగా. "అమ్మ ఏమనుకోదు బిడ్డా, అది మా అక్కకు కూడ చెప్పిన" అన్నాను. అతనికి అర్థం కాలేదు. కాని మిగిలిన ముద్దలు తీసి లోపల పెట్టినాడు.

స్వస్తి.